పడ్డవాడు చెడ్డవాడు కాదు



నా గొంతు ఇప్పుడు మీ ఇంటిదాకా వస్తోందంటే ట్రాన్స్‌మిటరూ, కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజనీరూ కారణమని మనకు తెలుసు. కతోలిక తిరుసభ లెక్కలో మాత్రం ఈ పనికి పైన ఇంకొక బాధ్యుడు కూడా ఉన్నాడు. ఆయన గాబ్రియేలు దూత. 1951 జనవరి 12న పోపు 12వ పయస్ ఒక శాసనం వెలువరించి తంతి, టెలిఫోను, రేడియో, అప్పుడప్పుడే మొదలవుతున్న టెలివిజను, వీటిమీద బతికేవాళ్లందరికీ గాబ్రియేలును పాలకుడిగా ప్రకటించారు. నజరేతులో మరియమ్మకు కబురు మోసుకొచ్చింది ఆయనే కదా, కబుర్లు మోసే శాఖ ఆయనకే దక్కడం న్యాయం.

కాజీపేటవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. సెయింట్ గాబ్రియేల్స్ బడిలో చదువుకున్నవాళ్లు వరంగల్‌లో ఏ వీధికి వెళ్లినా తగులుతారు. ఆ బడికీ రేడియోకూ సంబంధం లేదు; బడి నడిపే బ్రదర్ల సంఘానికే ఆ పేరు. అయినా ఆ బడిలో చదివి ఆకాశవాణిలోనో, టెలిఫోను శాఖలోనో చేరినవాళ్లు ఉంటే ఇద్దరు పాలకుల పని ఒక్కరితోనే అయిపోయిందన్నమాట.

టెలివిజను మాత్రం ఆ తర్వాత చేతులు మారింది. 1958లో అదే పోపు దాన్ని అస్సీసిపురి క్లారాకు అప్పగించారు. 1252 క్రిస్మస్ రాత్రి క్లారా జబ్బుపడి మంచం దిగలేకపోయింది. తోటి మఠకన్యలంతా పూజకు వెళ్లారు. ఒంటరిగా మిగిలిన ఆమెకు ఎక్కడో దూరాన గుడిలో జరుగుతున్న పూజ గదిలోనే కళ్లకు కట్టిందట, పాటలు చెవిన పడ్డాయట. ఇంట్లో కూర్చుని దూరాన జరిగేది చూడ్డం, ఇదే కదా టీవీ అని ఏడువందల ఏళ్ల తర్వాత రోమ్‌లో ఎవరికో తోచింది.

ఇలా చెప్పుకుంటూ పోతే ఇదంతా మంత్రివర్గంలో శాఖల పంపకంలా కనిపిస్తుంది. పళ్లకు ఒకరు, కళ్లకు ఒకరు, పోయిన వస్తువులకు ఒకరు, ప్రయాణాలకు ఒకరు. నవ్వొస్తుంది కూడా. కానీ మంత్రివర్గంలో శాఖలు ఇచ్చేది ముఖ్యమంత్రి. ఇక్కడ గాబ్రియేలు, క్లారా వంటి కొద్దిమందిని వదిలేస్తే శాఖలు ఇచ్చింది జనం. రోమ్ చాలాసార్లు చివరికి వచ్చి ముద్ర వేసింది. పోపు స్వయంగా పునీత పట్టం ఇవ్వడమే 993లో, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్‌తో మొదలైంది. అంతకుముందు వెయ్యేళ్లపాటు ఎవరి సమాధి దగ్గర జనం కూడితే వాళ్లే పునీతులు. 1630లో పోపు 8వ అర్బన్ కాలంలో పాలక పునీతుల విషయంలో ఒక నియమం వచ్చింది. ఒక ఊరు తనకు పాలకుణ్ణి పెట్టుకోవాలంటే ముందు ఊరివాళ్లు రహస్యంగా ఓటు వేసి ఎన్నుకోవాలి, పీఠాధిపతీ గురువులూ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే రోమ్ ఆమోదం. సామాన్య జనం ఓటు వేసి రాజుల్ని ఎన్నుకోవడం దాదాపు ఎక్కడా లేని రోజుల్లో స్వర్గంలో ఉన్నవాళ్లకు ఎన్నికలు పెట్టారు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే హన్మకొండలో నా బాప్టిస్టు మిత్రులు రేపు నన్ను నిలేస్తారు. కతోలికుల బోధ ప్రకారం వరమిచ్చేది దేవుడే. పునీతుడు సిఫారసు చేస్తాడు, అంతే. ఆరాధన దేవుడికి, గౌరవం పునీతుడికి. ఈ గీత పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా తిరునాళ్లలో కనిపించదని నా మిత్రులు అంటారు. అది అబద్ధం కాదు. ఆ సిఫారసు ఎందుకు, నేరుగా అడగొచ్చు కదా అని కూడా అంటారు. అడగొచ్చు. కానీ పెద్దవాళ్ల దగ్గరికి తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే అలవాటు మన నేలది. కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గాకు ఉర్సు రోజుల్లో వెళ్లేవాళ్లను చూడండి, ఏ మతం వాళ్లో చెప్పలేరు. ఆయన అల్లా కాదని అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. జనం ఎవరికి ఏ బాధ్యత ఇచ్చారో ఒక్కొక్కటీ విప్పి చూస్తే ఒక లెక్క బయటపడుతుంది. ఆ పనిలో ఆరితేరినవాడికి ఆ పని ఇవ్వలేదు. ఆ బాధ పడ్డవాడికి ఇచ్చారు.

పంటినొప్పికి పాలకురాలు అపొల్లోనియా. 249లో అలెగ్జాండ్రియా నగరంలో అల్లరిమూక ఒకటి క్రైస్తవుల ఇళ్లమీద పడింది. ఈమె దవడలమీద కొట్టి కొట్టి పళ్లన్నీ రాలగొట్టారు. ఆ సంగతి ఆనాటి అలెగ్జాండ్రియా పీఠాధిపతి దియొనీసియస్ ఒక ఉత్తరంలో రాశాడు. ఆమె వయసు మళ్లిన స్త్రీ అని కూడా అందులోనే ఉంది. తర్వాత వచ్చిన యూరపు చిత్రకారులు మాత్రం ఆమెను పదహారేళ్ల పిల్లగా గీసి, చేతికి పటకారు ఇచ్చారు. పళ్లు ఊడిన ముసలామెను గుడిలో పెట్టడానికి వాళ్లకు చెయ్యి రాలేదు కాబోలు. నన్నడిగితే ముసలామే మేలు. పంటినొప్పి సంగతి పదహారేళ్ల పిల్లకేం తెలుసు?

సెబస్తియానుది ఇంకో దారి. రోమ్ సైనికుడు. 3వ శతాబ్దం చివర్లో, దియొక్లేషియన్ చక్రవర్తి కాలంలో, క్రైస్తవుడని తేలగానే చెట్టుకు కట్టి బాణాలు వేయించారు. చచ్చాడనుకుని వదిలేసి పోయారు. ఇరేనె అనే విధవరాలు తీసుకుపోయి కట్లు కట్టి బతికించింది. బతికినవాడు ఊరు విడిచిపోకుండా మళ్లీ చక్రవర్తి ఎదుటికే వెళ్లి నిలదీశాడు. ఈసారి దుడ్డుకర్రలతో కొట్టి చంపారు. మరి మహమ్మారికీ ఈయనకూ ఏం సంబంధం? ఆ కాలపు జనం ప్లేగును పైనుంచి కనపడకుండా వచ్చి తగిలే బాణాలుగా ఊహించుకునేవాళ్లు. బాణాలు తగిలీ బతికినవాడు కాబట్టి ఈయన్ను పట్టుకున్నారు. మన ఊళ్లల్లో అమ్మవారు పోసినప్పుడు పోచమ్మ దగ్గరికి పరిగెత్తినవాళ్లకు ఆ ఆలోచన ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

లారెన్సు సంగతి చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 258లో రోమ్‌లో ఆయన్ను ఇనుప చట్రం మీద పెట్టి కాల్చారని కథ. ఈ పక్క కాలింది, ఇక తిప్పండి అన్నాడట. దాంతో వంటవాళ్లు ఆయన్ను తమవాణ్ణి చేసుకున్నారు. క్రూరమైన హాస్యం అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో పెళ్లివంటల దగ్గర పొద్దుటినుంచి రాత్రిదాకా గాడిపొయ్యి ముందు నిలబడేవాణ్ణి అడిగి చూడండి, కాలడమంటే ఏమిటో తెలిసినవాడే తనవాడు అంటాడు.

నాకు అందరికంటే దగ్గరగా అనిపించేవాడు కమిల్లస్. 1550లో ఇటలీలో పుట్టాడు. ఆరున్నర అడుగుల మనిషి, కిరాయి సైనికుడు, జూదరి. ఒంటిమీద చొక్కాతో సహా పందెంలో పోగొట్టుకున్నాడని చెబుతారు. కాలిమీద ఒక పుండు. అది బతికినంతకాలం మానలేదు. ఆ పుండు కోసమే రోమ్ ఆసుపత్రిలో చేరాడు. ఖర్చుల కోసం అక్కడే పనివాడుగా కుదిరాడు, జూదం ఆడి గొడవపడితే వెళ్లగొట్టారు. సన్యాసుల మఠంలో చేరితే పుండు చూసి పంపించేశారు. చివరికి అదే ఆసుపత్రికి తిరిగొచ్చి, జీతం కోసం చూసేవాళ్ల చేతుల్లో రోగులు ఎలా చచ్చిపోతున్నారో చూసి, ప్రేమతో చేసేవాళ్ల సంఘం ఒకటి పెట్టాడు. నల్ల అంగీమీద ఎర్ర శిలువ వాళ్ల గుర్తు. యుద్ధభూముల్లో గాయపడ్డవాళ్లకు ఆ ఎర్ర శిలువతో సేవ చేశారు, రెడ్‌క్రాస్ పుట్టడానికి రెండున్నర శతాబ్దాల ముందే. రోగులకూ ఆసుపత్రులకూ ఆయన్ను పాలకుడిగా 1886లో, నర్సులకు 1930లో ప్రకటించారు. మన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సులు ఆయన పేరు వినకపోయినా, ఆ పుండు వాసన వాళ్లకు తెలుసు.

ఈ లెక్క మన దగ్గరా కనిపిస్తుందేమో, వరంగల్ మేత్రాసనం, అంటే ఇక్కడి పీఠాధిపతి కింద ఉండే ప్రాంతం, విషయం చూద్దాం. 1952 డిసెంబర్ 22న హైదరాబాద్ మేత్రాసనం నుంచి దీన్ని వేరు చేశారు. మొదటి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా, మిలాన్ మిషన్ నుంచి వచ్చిన ఇటలీ గురువు. ప్రధాన దేవాలయం కాజీపేటలో ఫాతిమా మాత పేర కట్టారు, చుట్టూ పెరిగిన పేట ఫాతిమానగర్ అయింది. ఈ రోజు ఫాతిమానగర్ అని ఆటోవాడికి చెప్పేవాళ్లలో చాలామందికి అది పోర్చుగల్‌లో ఒకప్పటి పల్లెటూరి పేరని తెలియదు. అరబ్బులు ఆ దేశాన్ని ఏలిన కాలపు గుర్తు ఆ పేరు, ప్రవక్త కూతురి పేరు కూడా అదే. కాజీ పేరుమీద వెలసిన ఊరికి అది బాగానే అమరింది.

ఆ పల్లెలో 1917 మే 13 నుంచి అక్టోబర్ 13 దాకా ముగ్గురు పిల్లలకు మరియమాత కనిపించిందని చెప్పారు. లూసియాకు పదేళ్లు, ఫ్రాన్సిస్కోకు తొమ్మిది నిండబోతున్నాయి, జసింతాకు ఏడు. గొర్రెలు కాసే పిల్లలు. మీ మాట అబద్ధమని ఒప్పుకోకపోతే నూనెలో వేయిస్తామని అక్కడి అధికారి బెదిరించాడు. ఒప్పుకోలేదు. మరుసటి ఏడు ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ప్రపంచాన్ని ఊడ్చేసిన జ్వరం అది, మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. ఫ్రాన్సిస్కో 1919 ఏప్రిల్‌లో పోయాడు. జసింతా ఛాతీకి పుండు పట్టింది. లిస్బన్ ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇవ్వకుండా రెండు పక్కటెముకలు తీశారు. 1920 ఫిబ్రవరి 20 రాత్రి, అమ్మానాన్నలు పక్కన లేకుండా చనిపోయింది. తొమ్మిదేళ్లు. వాళ్లిద్దర్నీ ఆ మొదటి దర్శనానికి సరిగ్గా నూరేళ్లకు, 2017 మే 13న పునీతుల్ని చేశారు. వేదసాక్షులు కానివాళ్లలో ఇంత చిన్నవాళ్లు ఎవరూ ఇంతకుముందు ఆ జాబితాలో లేరు. జబ్బుపడ్డవాళ్లు, ముఖ్యంగా పిల్లలు జబ్బుపడ్డ తల్లిదండ్రులు, ఇప్పుడు జసింతా పేరు తలుస్తారు. ఫాతిమా అనగానే మనకు కిరీటం పెట్టిన మరియమాత విగ్రహమే కళ్లముందుకు వస్తుంది. దాని కింద మోకాళ్లమీద ఉన్న ఆ పిల్లల ముఖాల్లోకి ఒకసారి చూడమంటాను.

మేత్రాసనం 1952లో పుట్టింది గానీ పునీతుల పేర్లు అంతకు చాలాముందే ఇక్కడికి వచ్చాయి. 18వ శతాబ్దంలో రాయలసీమలో జెస్యూట్ గురువుల దగ్గర జ్ఞానస్నానం తీసుకున్న రెడ్డి కుటుంబాలు గుంటూరు వైపు వలసపోయి, అక్కడినుంచి కొందరు తెలంగాణకు భూములు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లతోపాటు ఇన్నారెడ్డి, శౌరెడ్డి, రాయపరెడ్డి, జోజిరెడ్డి వచ్చారు. ఇన్నయ్య అంటే ఇగ్నాసివారు, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్, రాయప్ప అంటే పేతురు, జోజి అంటే యోసేపు. వరంగల్ పీఠాధిపతిగా ఉండి 2025లో విశాఖపట్నం అగ్రపీఠానికి వెళ్లిన ఉడుముల బాల గారి పూర్తి పేరులోనూ శౌరి ఉన్నాడు. పిల్లకు పేరు పెట్టడమంటే ఆ పునీతుడి చేతిలో పెట్టడమే. దీనికి ఏ శాసనమూ అక్కర్లేకపోయింది.

ఆ ఇన్నయ్యా ఈ శౌరీ ఒకే రోజు పునీతులయ్యారు, 1622 మార్చి 12న. ఆ రోజు పట్టం అందుకున్నవాళ్లు అయిదుగురు. ఇగ్నాసి, జేవియర్, అవిలాపురి తెరేసా, ఫిలిప్ నేరి, ఇసిదోరు. నలుగురు స్పెయిన్‌వాళ్లు, ఫిలిప్ ఒక్కడే ఇటలీవాడు. పోపు ఇవాళ నలుగురు స్పెయిన్‌వాళ్లనీ ఒక పునీతుణ్ణీ ప్రకటించారని రోమ్ జనం ఎకసెక్కమాడారట. ఆ అయిదుగురిలో ఇద్దరు కోటల్లో పుట్టినవాళ్లు, ఒకరు కలిగినింటి ఆడబిడ్డ. ఇసిదోరు మాత్రం జీతగాడు.

అవును, జీతగాడే. 1070 ప్రాంతంలో మాడ్రిడ్‌లో పుట్టి, హువాన్ దె వర్గాస్ అనే భూస్వామి దగ్గర బతుకంతా అరక దున్నాడు. భార్య మరియా కూడా కూలిమనిషే. పొద్దున్నే గుడికి పోయి ఆలస్యంగా పొలానికి వస్తున్నాడని తోటి జీతగాళ్లు దొరకు చాడీలు చెప్పారు. దొర దొంగచాటుగా చూడటానికి వచ్చాడు. ఇసిదోరు అరకకు అటొకటి ఇటొకటి తెల్లటి ఎడ్లజతలు దున్నుతున్నాయట, వాటిని తోలేది దేవదూతలట. కథ సంగతి ఎలా ఉన్నా అందులో ఉన్న మనుషుల్ని మనం ఎరుగుదుం. చాడీలు చెప్పే తోటివాళ్లు, గట్టుచాటున నిలబడి లెక్కచూసే దొర, ఆలస్యానికి జవాబు చెప్పుకోవాల్సిన జీతగాడు. తెలంగాణ పల్లెల్లో ఈ ముగ్గురూ లేని ఊరు ఏది? రైతులకు పాలకుడిగా భూమి ఉన్నవాణ్ణి ఎన్నుకోవచ్చు, జనం భూమి లేనివాణ్ణి ఎన్నుకున్నారు.

ఇసిదోరు పండుగ మే 15. మన లెక్కన కృత్తిక కార్తె, దుక్కులు దున్ని విత్తనాలు కొనుక్కునే వేళ. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు చేతిలో నిలబడిందో, పాత బాకీకి జమ అయిపోయిందో అప్పటికే తేలిపోయి ఉంటుంది. 1997-98లో మన వరంగల్ జిల్లాలో లద్దెపురుగు పత్తిని తినేసింది, కొట్టిన మందు పనిచేయలేదు, ఆ మందు అరువిచ్చినవాడే ఇంటిముందు కూర్చున్నాడు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పాలక పునీతుడు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే కోపగించుకోవడం తగదు. ఇసిదోరు పంటబీమా కాదు, పురుగుమందుల తనిఖీ అధికారి కూడా కాదు. వాటికి వేరే మనుషులున్నారు, జీతాలు తీసుకునేవాళ్లు, జవాబు చెప్పాల్సినవాళ్లు. వాళ్ల తప్పును ఆకాశం మీదికి తోసేయడానికి పునీతుల్ని వాడుకోకూడదు.

శాఖల విషయంలో రోమ్ నేరుగా రాజకీయం చేసిన సందర్భాలూ ఉన్నాయి. యోసేపును చూడండి. 1870 సెప్టెంబర్‌లో ఇటలీ సైన్యం రోమ్‌ను పట్టుకుంది, పోపు చేతిలో ఉన్న రాజ్యం పోయింది. డిసెంబర్ 8న 9వ పయస్ యోసేపును తిరుసభ అంతటికీ పాలకుడిగా ప్రకటించారు. రాత్రికి రాత్రి పెళ్లాం బిడ్డల్ని తీసుకుని ఐగుప్తుకు పారిపోయి కాపాడినవాడు అప్పుడు కావాల్సి వచ్చాడు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్ దేవాలయం లేచింది కూడా ఆ 1870ల్లోనే. తర్వాత 1955 మే 1న 12వ పయస్ ఇటలీ కార్మికుల ముందు నిలబడి, ఇక నుంచి ఇది కార్మికుడైన యోసేపు పండుగ అన్నారు. మేడే ఎర్రజెండాలది, దాన్ని ఒక వడ్రంగి చేతిలో పెట్టాలని ఆయన ఉద్దేశం. ఎత్తు ఎత్తే. కానీ పని ఫలించిందా? వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం కట్టించినది, మూడు షిఫ్టుల మనుషులతో ఊరికి ఊపిరి పోసింది. ఆ మిల్లు కాలనీల్లో మేడే అంటే జెండా పండుగే. మిల్లు మూతపడ్డప్పుడు జెండావల్లా కాలేదు, జపంవల్లా కాలేదు.

ఇప్పుడు చెప్పబోయే మనిషి గురించి మన గుడుల్లో ఇంకా ఎక్కువ చెప్పాలని నా కోరిక. మార్టిన్ దె పోరెస్. 1579లో పెరూ దేశం లీమా నగరంలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ పెద్దమనిషి, తల్లి బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీ. బిడ్డ నల్లగా పుట్టాడని తండ్రి చాలాకాలం దగ్గరకు తీయలేదు. పన్నెండేళ్లకు క్షురకుడి దగ్గర పనికి పెట్టారు. ఆ రోజుల్లో క్షురకుడంటే గడ్డాలే కాదు, గడ్డలు కూడా కోసేవాడు, ఎముకలు సరిచేసేవాడు. మన పల్లెల్లోనూ అంతే కదా, మంగలాయన దగ్గరికే కురుపులతో వెళ్లేవాళ్లు, ఆ ఇంటి ఆడవాళ్లే కాన్పులు చేసేవాళ్లు. అంత పని తెలిసినవాళ్లను ఊరు ఎక్కడ నిలబెట్టిందో మనకు తెలుసు. మార్టిన్ దొమినికన్ మఠంలో చేరదామని పోతే, నల్లజాతివాళ్లను సన్యాసులుగా తీసుకోం, పనివాడుగా ఉండు అన్నారు. ఉన్నాడు. చీపురు పట్టాడు, రోగుల గదుల్లో పనిచేశాడు. మఠం అప్పుల్లో పడితే నన్ను అమ్మేయండి అన్నాడట. ఇరవైనాలుగేళ్ల వయసు వచ్చాక గానీ అతని దగ్గర బ్రదర్‌గా మాట తీసుకోలేదు. 1639లో పోయాడు. పునీతుడని ప్రకటించేసరికి 1962 అయింది. మంగలివాళ్లకూ, మిశ్రజాతివాళ్లకూ, సామాజిక న్యాయానికీ పాలకుడు ఇప్పుడాయన. చీపురుతో ఉన్న బొమ్మ చూస్తే ఆయనే.

మన తిరుసభలో కులం లేదని చెప్పడానికి నాకు నోరు రాదు. శ్మశానాల్లో గోడలు ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులాల హోదా లేదు, అది సర్కారు చేసిన అన్యాయం. గుడి లోపలిది మనం చేసింది. భారతదేశపు పీఠాధిపతులే 2016లో దళితుల కోసం ఒక విధానపత్రం విడుదల చేసి ఆ తప్పును ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. మొదటి దళిత కార్డినల్, మొదటి తెలుగు కార్డినల్. కర్నూలు జిల్లాలో బీదరికంలో పుట్టి ఏడో తరగతితో చదువు ఆపేయాల్సి వచ్చిన కుర్రవాడు. ఆయన పేరులో ఉన్నది పాదువాపురి అంతోని. ఆ అంతోని 1231 జూన్ 13న పోతే ఏడాది తిరక్కుండానే పునీతుణ్ణి చేశారు. మార్టిన్‌కు మూడు వందల ఏళ్లు పైగా పట్టింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సినవి.

అంతోని అంటే పోయిన వస్తువులు. ఆయన కీర్తనల పుస్తకం ఒకటి మఠం వదిలిపోతున్న కుర్రాడు ఎత్తుకుపోతే, ప్రార్థన చేశాడట, కుర్రాడు తెచ్చి ఇచ్చేశాడట. అచ్చు లేని రోజుల్లో, చేత్తో రాసుకున్న పుస్తకం, అంచుల్లో తన పాఠాల గుర్తులతో సహా పోవడమంటే చిన్న సంగతి కాదు. ప్రయాణాలకు క్రిస్టఫర్. 1969లో పంచాంగం సవరించినప్పుడు ఆయన పండుగను ప్రపంచం మొత్తం జరుపుకునే వాటిలోంచి తీసేశారు, దాంతో పునీతుడే కాదన్నారని ప్రచారమైంది. తీసింది పండుగనే. కాజీపేట జంక్షన్ మీదుగా పోయే లారీల అద్దాల దగ్గర ఆయన బొమ్మలు అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉన్నాయి.

హన్మకొండలో హాస్టళ్లలో ఉండి నీట్, జేఈఈ అని కళ్లు పోగొట్టుకుంటున్న పిల్లల కోసం ఒక్కరి సంగతి చెప్పి ముందుకు పోతాను. కుపెర్తీనో యోసేపు, 1603లో పుట్టిన ఇటలీవాడు. మొద్దబ్బాయి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాడని తోటి పిల్లలు పేరు పెట్టారు. గురువు కావాలంటే పరీక్ష. అతనికి సువార్త మొత్తంలో ఒకే ఒక్క వాక్యం మీద మాట్లాడటం వచ్చు. పీఠాధిపతి పుస్తకం తెరిచి వేలు పెట్టింది సరిగ్గా దానిమీద. రెండో పరీక్షలో ముందు పిలిచినవాళ్లు బ్రహ్మాండంగా చెప్పడంతో, మిగతావాళ్లూ ఇంతేనని అందర్నీ పాస్ చేసేశారు. పరీక్షలు రాసేవాళ్లకు ఫస్టు ర్యాంకువాణ్ణి పెట్టకుండా ఇతన్ని పెట్టినవాళ్లకు నా నమస్కారం.

తెలుగువాళ్లలో ఇంతవరకు పునీత పట్టం పొందినవాళ్లు లేరు. పక్కన కన్యాకుమారి వైపు దేవసహాయం ఉన్నాడు. తిరువాన్కూరు రాజకొలువులో ఉద్యోగి, నీలకంఠ పిళ్లై. 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు, కులం చూడకుండా అందరితో కలిసి తిన్నాడు, 1752 జనవరిలో కాల్చి చంపారు. 2022లో పునీతుడయ్యాడు, సామాన్య గృహస్థుల కోవలో మన దేశానికి మొదటివాడు. 2025లో ఇండియాలోని గృహస్థ క్రైస్తవులకు పాలకుడిగా ప్రకటించారు.

మనవైపు ఫైళ్లు కదులుతున్నాయి. మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ 1920లో గుంటూరు వచ్చి మఠకన్య అయింది. వైద్యం చేయడానికి రోమ్ ప్రత్యేక అనుమతి తెచ్చుకుని లక్షలమంది ఆడవాళ్లకు, పిల్లలకు మందిచ్చింది. 1943లో ఆమె పెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి దేశమంతా నడుస్తోంది. 1957లో క్యాన్సర్‌తో పోయింది.

ఇంకొకరు గన్నవరం దగ్గర పెద్దావుటపల్లిలో ఉన్నారు. బ్రదర్ జోసఫ్ తంబి. గురువు కాదు, మఠం కట్టలేదు, బడి పెట్టలేదు. పుదుచ్చేరి వైపు నుంచి వచ్చి, ఫ్రాన్సిస్కన్ మూడవ సభ దుస్తులు వేసుకుని ఊళ్లు తిరిగి జపాలు చెప్పించిన మనిషి. 1945 జనవరి 15న పోయారు, సమాధి అక్కడే ఉంది. రోమ్ లెక్కలో ఆయన ఇప్పుడు దేవుని సేవకుడు. ఇంకా మెట్లున్నాయి. బతుకు మొత్తం విచారించాలి, డాక్టర్లు ఎటూ వివరించలేని స్వస్థత ఒకటి రుజువు కావాలి, ఆ తర్వాత ఇంకొకటి. ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. ఏటా జనవరిలో పెద్దావుటపల్లి వెళ్లేవాళ్లు మాత్రం దానికోసం ఆగడం లేదు. మన కాజీపేట నుంచి విజయవాడ దాకా రైల్లో పోయి అక్కడినుంచి బస్సు ఎక్కుతారు. జబ్బు పడ్డవాళ్లు, కడుపు పండనివాళ్లు ఎక్కువ. ఆయన బాధ్యత ఏమిటో వాళ్లు ఇప్పటికే సగం తేల్చేశారు.